ఎఱ్ఱ సిరా, వీరతాడు



మా ఊరి గ్రంథాలయం అరుగు మీద సాయంత్రం పూట విశ్రాంత ఉద్యోగులం కొందరం కూర్చుంటాం. చర్చ పింఛనుతో మొదలైనా, పంటలతో మొదలైనా, దీపాలు పెట్టే వేళకు సినిమాల దగ్గరికి చేరుతుంది. చేరిన తరువాత తీర్మానం ఎప్పుడూ ఒక్కటే: సినిమాలంటే పాత సినిమాలే, ఇప్పటివి కేవలం కోలాహలం. ఈ తీర్మానాన్ని ప్రతిపాదించే బాధ్యత చాలాకాలం నాదే. తెలుగు పండితుణ్ణి కనుక, పింగళి నాగేంద్రరావు గారి మాటలనో, మల్లీశ్వరిలో కృష్ణశాస్త్రి గారి సౌకుమార్యాన్నో ఉదాహరించి ముగింపు పలికేవాణ్ణి. ఎదురు చెప్పేవారు ఉండేవారు కారు.

ఈ మధ్య ఆ బాధ్యతనుండి తప్పుకొన్నాను. మిత్రులు ఆశ్చర్యపోయి కారణం అడిగారు. అరుగు మీద నోరు విప్పి చెప్పలేకపోయాను. ఇక్కడ వ్రాస్తే కొంత సులువుగా ఉంటుందేమోనని ప్రయత్నిస్తున్నాను.

ముందుగా మాయాబజార్ సంగతి.

1957లో వచ్చిన ఆ చిత్రాన్ని నేను మొదట చూచింది పది పన్నెండేళ్ల వయసులో, వేములవాడ శివరాత్రి జాతరలో, డేరా సినిమాలో. తరువాత ఎన్నిసార్లు చూచానో లెక్క లేదు. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు కూడా వెళ్లి చూచి, నలుపు తెలుపే మేలని ఇంటికి వచ్చి అందరికీ చెప్పాను. అందులో చిన్నమయ్య తన రాక్షస శిష్యులకు పాఠం చెప్పే ఘట్టం మీ అందరికీ తెలిసినదే. శిష్యుల నాలుకకు సంయుక్తాక్షరాలు లొంగవు. దుష్టచతుష్టయం ఎంత పలికించినా మరొకటిగా బయటికి వస్తుంది. అస్మదీయులు అసమదీయులవుతారు. దానికి జోడుగా ఒక శిష్యుడు తసమదీయులు అనే మాటను సొంతంగా కల్పిస్తాడు. గురువుగారు తల పట్టుకుంటారు. రేడు ఘటోత్కచుడు మాత్రం సంతోషించి, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎలా వస్తాయన్న అర్థంలో గురువునే ఎదురు ప్రశ్నించి, ఆ శిష్యుడి మెడలో వీరతాడు వేయిస్తాడు.

ఈ ఘట్టాన్ని తరగతిలో నేను పాఠంలాగా చెప్పేవాణ్ణి. అస్మదీయ అన్నది అస్మచ్ఛబ్దం మీద ఏర్పడిన శుద్ధమైన సంస్కృత రూపం. దానికి ఎదురుమాట కావాలంటే యుష్మదీయ అనాలి, లేదా తదీయ అనాలి. తస్మదీయ అనే రూపానికి ఏ వ్యాకరణంలోనూ చోటు లేదు. అయినా ఈనాడు రాజకీయ వ్యాసం వ్రాసే ప్రతి సంపాదకుడూ అస్మదీయులు, తస్మదీయులు అని నిస్సంకోచంగా వ్రాస్తున్నాడు. వ్యాకరణం ఒప్పని ఒక రాక్షసబాలుని మాట తెలుగువారి నిఘంటువులోకి అడుగుపెట్టింది. చూడండి, పింగళివారి ప్రతిభ! అని నేను చెప్పగానే పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

యాభై ఏళ్లు నవ్వాను. ఆ ఘట్టంలో ఇద్దరు గురువులు ఉన్నారనీ, వారిలో నేను ఎవరినన్నదీ ఒక్కనాడైనా ఆలోచించలేదు.

ఇక బడి సంగతి. 1988లో జరిగింది. ఎనిమిదో తరగతి. మొదటి గంట. ఒక నేతపనివారి పిల్లవాడు సెలవు చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో ఇలా ఉంది: "మా అవ్వకు పానం మంచిగ లేదు. దవఖానకు తోల్కపోతున్న. రెండొద్దులు సెలవియ్యుండ్రి సారు."

నేను ఎఱ్ఱ సిరా కలం తీశాను. అవ్వ, పానం, మంచిగ, దవఖాన, తోల్కపోతున్న, ఒద్దులు. ఆరు చోట్ల గీత గీశాను. అంతటితో ఊరుకోక, చీటీని తరగతికంతటికీ వినిపించాను. తరగతి ఘొల్లున నవ్వింది. ఆ నవ్విన పిల్లలందరి ఇళ్లలోనూ అదే భాష. మా ఇంట్లోనూ అదే. నేను పుట్టింది ఆ చుట్టుపక్కల పల్లెలోనే. మా అవ్వను అవ్వా అనే పిలిచాను. ప్రాచ్య కళాశాలలో చేరిన కొత్తలో నా మాట విని తోటి విద్యార్థులు నవ్వగా, ఒక్క ఏడాదిలో నా నాలుకను తోమి తోమి మార్చుకొన్నాను. భాషాప్రవీణుణ్ణయి తిరిగి వచ్చి, నాకు జరిగినదాన్నే ఆ పిల్లవాడికి జరిపాను. అప్పుడు దానికి నేను పెట్టుకొన్న పేరు భాషాసేవ.

చీటీ ఎలా వ్రాయాలో నల్లబల్ల మీద వ్రాసి చూపించాను. "మా తల్లిగారికి ఆరోగ్యము సరిగా లేనందున" అని మొదలుపెట్టి "తమ విధేయుడైన విద్యార్థి" వరకు. పిల్లవాడు దాన్ని ఎక్కించుకొని, శుద్ధప్రతి వ్రాసి ఇచ్చి వెళ్లిపోయాడు. వాళ్ల అవ్వకు ఏమైందని నేను అడగలేదు.

రెండు వారాల తరువాత గుండుతో వచ్చాడు. చేతిలో మరొక చీటీ. "మా తల్లిగారు స్వర్గస్థులైనందున" అని ఉంది. ఒక్క తప్పు లేదు. విసర్గలూ, ఒత్తులూ, చివరి సంతకం వరకు అన్నీ నేను నేర్పినట్లే ఉన్నాయి. నేను చదివి, "బాగుంది" అన్నాను. చీటీ భాషను గురించే ఆ మాట అన్నాను. అయినా అన్నాను.

ఆ తరువాత ఆ పిల్లవాడు నా తరగతిలో తానుగా నోరు విప్పిన గుర్తు లేదు.

ఇప్పుడు ఒక పండితుడిగా నాకు నేనే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రకృతి వికృతులు అని ముప్పై ఏళ్లకు పైగా బోధించాను. భక్తి బత్తి అవుతుంది. విద్య విద్దె, రత్నం రతనం, యత్నం జతనం, లక్ష్మి లచ్చి అవుతాయి. భోజనం బోనమవుతుంది, ఆ బోనాన్నే మా ఆడవాళ్లు ఏటేటా తలమీద పెట్టుకొని అమ్మవారికి తీసుకువెళతారు. ప్రయాణంలోని రేఫ లోపించి పయనమైతే కావ్యాలలో అంగీకరించి, ప్రతిపదార్థం చెప్పి, మార్కులు వేశాను. మరి ప్రాణంలోని రేఫ లోపించి పానమైతే ఎఱ్ఱ సిరా ఎందుకు వాడాను? సూత్రం ఒక్కటే, మార్పు ఒక్కటే. పయనం కవి నోట వచ్చింది, పానం నేతపనివారి ఇంటినుండి వచ్చింది. నాకు కనిపించిన తేడా అంతకంటె లేదు. కరీంనగరం దగ్గర కుర్క్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన పదో శతాబ్ది శాసనంలో తెలుగు కందపద్యాలు ఉన్నాయని గర్వంగా చెప్పే నేనే, ఆ గుట్ట చుట్టూ మనుషులు మాట్లాడే తెలుగును తప్పుల పట్టికలో వేశాను.

మన సినిమా కూడా చాలాకాలం నావంటి ఉపాధ్యాయుడే.

1932లో భక్తప్రహ్లాదతో మన తెరకు మాట వచ్చింది. తరువాతి దశాబ్దాలలో పౌరాణికాలకు నాటకరంగపు గ్రాంథికం, సాంఘికాలకు చదువుకొన్న కోస్తావారి శిష్టభాష స్థిరపడ్డాయి. నాయకుడు, నాయిక, న్యాయం చెప్పే పెద్దమనిషి ఆ భాషలోనే మాట్లాడాలి. మిగిలిన ప్రాంతాల తెలుగు వినిపిస్తే అది నవ్వించడానికో, భయపెట్టడానికో అయి ఉండాలి. 1985లో వచ్చిన ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావు గారు కాశయ్య అనే మంత్రిగా తెలంగాణ మాటలతో విజృంభించారు. ఆయన నటనకు నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. 2025లో ఆయన కన్నుమూసినప్పుడు మొదట గుర్తు వచ్చింది ఆ పాత్రే. నటుడిది తప్పు కాదు. అయితే మా మాట అంతటి స్పష్టతతో తెరమీద వినిపించినప్పుడు, అది ఒక దుర్మార్గుడి నోటినుండే రావలసివచ్చింది. రాయలసీమవారి కష్టం ఇంకా పెద్దది. 1997లో ప్రేమించుకుందాం రా చిత్రంలో జయప్రకాశ్ రెడ్డి గారు పలికిన సీమ తెలుగులో ఎంతో జీవం ఉంది. కాని ఆ తరువాత వరుసగా వచ్చిన ముఠాకక్షల చిత్రాలలో సీమ మాట అనగానే వేటకొడవలి కనిపించవలసిందే అన్నట్లయింది. ఆ మాటతో పాలు పితికేవారు, పద్యం పాడేవారు, బిడ్డను లాలించేవారు ఉంటారన్న సంగతి తెర మరచిపోయింది.

మినహాయింపులు లేవని అనను. గురజాడవారు 1892లోనే కన్యాశుల్కాన్ని రంగమెక్కించి, ఎవరి మాట వారిచేత పలికించారు. 1955లో అది చిత్రంగా వచ్చింది. 1975లో ముత్యాలముగ్గులో ముళ్లపూడివారి కలం, రావు గోపాలరావు గారి కంఠం కలిసి గోదావరి మాటకు వైభవం తెచ్చాయి, అదీ ప్రతినాయకుడి పాత్రలోనే. 1979 నాటి మా భూమి సాయుధపోరాటపు కథను ఆ నేల మాటతోనే చెప్పింది. దానికి దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీవారు కావడం ఆలోచించదగ్గ విషయం. ఏది శిష్టమో, ఏది కాదో ఆయన చెవికి ఎవరూ ముందుగా నేర్పి ఉండరు.

ఇప్పటి చిత్రాలను తూచడానికి నేను ఒక తూనిక పెట్టుకొన్నాను. ఒక ప్రాంతపు మాట తెరమీద వినిపించినంత మాత్రాన అది గౌరవం కాదు. ఆ మాటతో పాత్ర ప్రేమించగలదా? ఏడవగలదా? కొత్తగా ఒకటి ఆలోచించగలదా? లేక నవ్వించడం, బెదిరించడం, ఈ రెండు పనులకే దాన్ని నియమించారా? ఈ తూనికతో చూస్తే గత పదేళ్లలో మన తెర మీద పెద్ద మార్పే జరిగింది. అరుగు మీద కూర్చున్న మేము దాన్ని గమనించలేదు.

2017లో వచ్చిన ఫిదాలో బాన్సువాడ పిల్ల భానుమతి తన మాటతోనే అలుగుతుంది, ప్రేమిస్తుంది, ఆత్మాభిమానం నిలుపుకొంటుంది. నాయిక అయిన కారణంగా ఆమె నాలుకను ఎవరూ తోమలేదు. 2018లో కేరాఫ్ కంచరపాలెం చిత్రంలో విశాఖలోని ఆ పేట మనుషులే నటులై, యాభైకి దగ్గరపడ్డ ఒక బ్రహ్మచారి అటెండరు హృదయాన్ని ఉత్తరాంధ్ర మాటలో విప్పి చూపించారు. 2019లో మల్లేశం వచ్చింది. ఆసు పోసి పోసి తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి జీవితకథ అది. శాస్త్రీయమైన ఆలోచన కూడా ఇంటిభాషలోనే సాగుతుందని ఆ చిత్రం చూపింది. 2021లో వచ్చిన సినిమా బండిలో ఒక ఆటో నడిపే మనిషి, ఎవరో మరచిపోయిన కెమెరాతో ఊరంతటినీ కూడగట్టి సినిమా తీయబూనుతాడు. కళను గురించిన ఆశ కూడా సరిహద్దు పల్లె మాటలో పలకవచ్చని తెలిసింది.

పెద్ద చిత్రాల సంగతీ చెప్పాలి. 2021 నాటి పుష్పలోని నాయకుడు ఎఱ్ఱచందనం దొంగ. ఆ పాత్రను ఆరాధించడం నావల్ల కాదు. కాని జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం మొట్టమొదటిసారిగా ఒక తెలుగు నటుడికి వచ్చింది ఆ చిత్రానికే, అందులో ఆయన ఆసాంతం మాట్లాడింది చిత్తూరు సీమ తెలుగు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ చిత్రంలో ఇద్దరు నాయకులలో ఒకడైన భీముడు తెలంగాణ మాట పలికాడు. ముప్పై ఏళ్ల క్రితం ఇవి రెండూ ఊహకు అందని విషయాలు.

ఇక బలగం.

2023 మార్చి 3న విడుదలయింది. ఆ నెలలోనే నాటు నాటు పాటకు ఆస్కారు వచ్చి దేశమంతా సంబరపడింది. మా పల్లెల్లో మాత్రం మాట్లాడుకొన్నది బలగం గురించే. ఊరూరా తెల్లగుడ్డ తెర కట్టి, బజారులో చాపలు పరచి చూశారు. మా ఊళ్లోనూ కట్టారు. మనవడు పిలిస్తే, చాప మీద కూర్చోలేక ఇంటినుండి కుర్చీ తీసుకొని వెళ్లాను. వెళ్లేటప్పుడు నా మనసులో ఉన్నది అరుగు మీది తీర్మానమే.

కథ మీకు తెలిసినదే. కొమురయ్య తాత చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎప్పుడో విందులో నల్లిబొక్క దగ్గర వచ్చిన మాట పట్టింపుతో తోబుట్టువుల ఇళ్లు విడిపోయి ఉన్నాయి. ఆ నల్లిబొక్క అన్న మాట వద్ద నేను ఆగిపోయాను. కోస్తాలో బొక్క అంటే రంధ్రం, మాకు ఎముక. నేను ఆ చిత్రానికి సంభాషణలు దిద్ది ఉంటే, మూలుగ ఎముక అని మార్చి, పక్కన ఎఱ్ఱగా గీత గీసి ఉండేవాణ్ణి. ఆ క్షణంలో కథ చచ్చిపోయి ఉండేది. ఇరవై ఏళ్ల పగ ఎముక దగ్గర పుట్టదు, నల్లిబొక్క దగ్గర పుడుతుంది. మాట మారిస్తే మనిషి మారిపోతాడన్న సంగతి ఏ అలంకారశాస్త్రమూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు.

చివర బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ గార్లు పోయిన మనిషి బ్రతుకును పాటగా కట్టి పాడుతుంటే, తెరమీది కుటుంబం ఏడ్చింది. తెర ముందు మా బజారూ ఏడ్చింది. నా పక్క చాప మీద కూర్చున్న ముసలమ్మ కొంగు నోట కుక్కుకొని ఏడ్చింది. ఆ భాషను నేను ఎన్నడూ పాఠంగా చెప్పలేదు. ఆమెకు ఎవరూ అర్థం చెప్పలేదు.

నాకు గుండుతో నిలబడిన ఆ పిల్లవాడు గుర్తు వచ్చాడు. తెర మీద ఒక కుటుంబం తమవారి చావును తమ మాటలో ఏడ్చుకొంటున్నది. ఆ పిల్లవాడు తన అవ్వ చావును నా మాటలో వ్రాసి ఇవ్వవలసివచ్చింది. "మా అవ్వ సచ్చిపోయింది సారు" అనే హక్కు కూడా నేను వాడికి మిగల్చలేదు.

సినిమా అయిపోయింది. మనవడు కుర్చీ మోసుకొచ్చాడు. ఆ మరునాడు అరుగు మీద తీర్మానం ప్రతిపాదించలేదు.

ఇంత చెప్పాను కదా అని ఇప్పటి చిత్రాలకు నూటికి నూరు వేశాననుకోకండి. పండితుణ్ణి, అంత తేలికగా వేయను. ఇప్పటి పెద్ద చిత్రాలలో మాట వినబడదు. నేపథ్యసంగీతం మాట మీద ఎక్కి కూర్చుంటుంది. రంగారావు గారు ఒక పదాన్ని పలికి, దాని చివరి అక్షరం గాలిలో కరిగేదాకా ఆగేవారు. సావిత్రి గారు అనకుండా వదిలిన మాట కూడా వినిపించేది. ఆ ఓపిక ఇప్పుడు అరుదు. ప్రాంతపు మాటను వేషంలాగా తొడిగే అలవాటు కూడా పెరుగుతున్నది. నాలుగు గిట్లలు, మూడు గట్లలు చల్లితే తెలంగాణ అయిందనుకొనేవారూ, ప్రతి వాక్యం చివర ఒక దీర్ఘం లాగితే సీమ అయిందనుకొనేవారూ ఉన్నారు. వెనుకటివారు ఆ మాటను వెక్కిరించి సొమ్ము చేసుకొంటే, వీరు మసాలాగా అమ్మి చేసుకొంటున్నారు. నా తూనిక వీరికీ వర్తిస్తుంది. పైగా రక్తపాతం చూపడంలో ఇప్పటివారికి ఉన్న ఉత్సాహం నా వయసువాడు భరించలేనిది.

పాతవాటిని నేను వదులుకోవడం లేదు. మల్లీశ్వరి మల్లీశ్వరే. శిష్టభాష ఒక అందమైన భాష. నేను వ్రాస్తున్న ఈ వ్యాసం కూడా దానిలోనే సాగుతున్నదని మీరు గమనించే ఉంటారు. ఏడాదిపాటు తోమిన నాలుక వెనుకకు తిరగదు. మా మనవడితో మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా ఒక పాత మాట జారితే, వాడు "తాతా, మళ్ల అను" అని నవ్వుతాడు. అది మా తరగతి నవ్విన నవ్వు కాదు. శిష్టభాష తప్పని నేను అనను. అదొక్కటే ఒప్పు అనుకోవడం తప్పు. ఆ తప్పును మన సినిమా నాకంటె ముందుగా దిద్దుకోవడం మొదలుపెట్టింది. బలగంలోని ఊరూ పల్లెటూరు పాటకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ పురస్కారం ప్రకటించిన వార్త 2025లో పత్రికలో చదివినప్పుడు, నాకు మళ్లీ మాయాబజార్ గుర్తు వచ్చింది. తెలుగు తెర అరవై ఏళ్ల పైచిలుకు కాలానికి తన పాత చిత్రంలోని పాఠాన్ని అర్థం చేసుకొన్నట్లు తోచింది. పాతకూ కొత్తకూ పోటీ పెట్టి ఇన్నేళ్లు వాదించిన నాకు, బలగం చూచిన తరువాతనే మాయాబజార్ సరిగా అర్థమయింది.

ఘటోత్కచుడు చేసిన పని ఎంత చిన్నది! తప్పు పలికిన శిష్యుణ్ణి నిలబెట్టి నవ్వించలేదు. ఆ మాట వెనుక ఆలోచన ఉందా లేదా అని చూశాడు. ఉందని తెలిసి మెడలో ఒక తాడు వేయించాడు. శిక్షణ కళాశాలలో నేను నేర్చుకొన్న బోధనాపద్ధతులన్నీ కలిపినా అంత లేదు.

ఆ పిల్లవాడికి ఇప్పుడు యాభై ఏళ్లు వచ్చి ఉంటాయి. పదో తరగతి తరువాత మగ్గం పనికి భీవండి వెళ్లాడని ఎవరో చెప్పగా విన్నాను. అంతకు మించి తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే, ఏం నాయనా బాగున్నావా అని నా నోటికి అలవాటైన మాట వస్తుంది. అది మింగి, నీ పానం మంచిగున్నదా బిడ్డా అని అడగాలని ఉంది. మొదటి చీటీలో ఒక్క తప్పు కూడా లేదని చెప్పాలని ఉంది.

మీ ఇళ్లలోనూ ఇలా ఎఱ్ఱ సిరా పడిన మాటలు ఉండే ఉంటాయి. గుర్తు వస్తే ఒకటి వ్రాయండి. అర్థం చెప్పనక్కరలేదు, అది ఎవరి నోట విన్నారో చెప్పండి చాలు.